మావయ్య కొట్టు బోర్డు, ఆర్టికల్ 240

మొన్న ప్రాక్టీసు పేపర్లో ఒక ప్రశ్న వచ్చింది. "దుకాణాల బోర్డులపై స్థానిక సంస్థల నియమాలను సంస్కరించాల్సిన అవసరాన్ని చర్చించండి." 15 మార్కులు, 250 పదాలు. నేనేం రాసి ఉంటానో మీరే చెప్పగలరు. సింగిల్ విండో, ఆన్‌లైన్ అనుమతులు, చివర్లో ఒక ఫ్లోచార్టు. 5 మార్కులు వచ్చాయి.

మార్కుల గురించి కాదు నా బాధ. అంతకుముందు వానాకాలంలోనే మా మావయ్య కొట్టు బోర్డు కూలింది. దాని కొలతలు ఇచ్చింది నేను. మెకానికల్ ఇంజినీరింగ్ చదివినవాణ్ని. ఆ సంగతి నా జవాబులో ఒక్క ముక్క కూడా లేదు.

మాది శ్రీకాకుళం వైపు నుంచి అండమాన్ వచ్చి స్థిరపడ్డ కుటుంబం. మావయ్యది హార్డ్‌వేర్ కొట్టు. పాత బోర్డు తుప్పు పట్టిందని కొత్తది పెడదామన్నాడు. వారం రోజులు ఇంట్లో వాదన. హిందీ పైన ఉండాలా, ఇంగ్లీషు పైన ఉండాలా, తెలుగుకి చోటుందా, లైట్లు పెడదామా. 12 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు అని నేనే తేల్చాను. దేనితో బిగించాలన్న మాట మాత్రం ఎవరం ఎత్తలేదు. పాత బోర్డు మేకుల రంధ్రాల్లోనే కొత్తదాన్ని బిగించేశారు. ఒక తెల్లవారుజామున గాలివానకి అది ఊడి, కింద ఇడ్లీలమ్మే ఆమె బల్ల మీద పడింది. ఆమె ఇంకా రాలేదు, అంతే. మావయ్య రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "ఒరే, మేకులమ్మే కొట్టు బోర్డే ఊడిందని బజారంతా నవ్వుతోందిరా."

లెక్క అప్పుడు వేశాను. వేయాల్సింది ముందు. గాలి భారాలకి మన ప్రమాణం ఐఎస్ 875, మూడో భాగం. అందులో ఈ ద్వీపాలకి ప్రాథమిక గాలి వేగం సెకనుకు 44 మీటర్లు. మిగతా గుణకాలు పక్కన పెడితే, పీడనం అంటే వేగం వర్గాన్ని 0.6తో గుణించడం. చదరపు మీటరుకు సుమారు 1160 న్యూటన్లు. మా బోర్డు దాదాపు 4.5 చదరపు మీటర్లు. అంటే అర టన్ను బరువు వేలాడదీసినంత బలం. ఆ రాత్రి గాలి అందులో సగం వేగం కూడా ఉండి ఉండదు, కానీ ఉప్పుగాలికి తిన్న మేకులకి అదే ఎక్కువ.

ఇప్పుడు ప్రశ్నకి వద్దాం. ఘాట్కోపర్‌లో 2024 మే 13న హోర్డింగు కూలి 17 మంది చనిపోయినప్పుడు మనమంతా కేస్ స్టడీగా నోట్సులో రాసుకున్నాం. అది 120 అడుగుల వ్యవహారం. తెలంగాణ 2020లో 15 అడుగుల ఎత్తు దాటిన హోర్డింగులను నిషేధించింది కూడా అలాంటి వాటి కోసమే. సొంత గుమ్మం మీద సొంత పేరు రాసుకున్న బోర్డు వేరే జాతి. రెండింటినీ 'ప్రకటన' అనే ఒకే డబ్బాలో వేయడమే అసలు చిక్కు అని నా అభిప్రాయం. ఐసీఐసీఐ బ్యాంకు ఏటీఎం బోర్డుల మీద ముంబై కార్పొరేషన్‌తో నడిచిన కేసులో (2005) సుప్రీంకోర్టు చూసింది కూడా ఈ తేడానే. సేవ ఎక్కడుందో చెప్పడం ఒకటి, వ్యాపారం కోసం ఆకర్షించడం మరొకటి.

పన్ను విషయంలో మనం కంఠస్థం చేసిన వాక్యం ఒకటుంది. 101వ సవరణతో రాష్ట్ర జాబితాలోని 55వ అంశం పోయింది, కాబట్టి ప్రకటనల పన్ను పోయింది. విశాఖ గురించి రాస్తే సరే. అండమాన్‌కి నేరుగా అతికించకండి. ఇక్కడ శాసనసభ లేదు. ఆర్టికల్ 246(4) ప్రకారం కేంద్రపాలిత ప్రాంతాలకి ఏ అంశం మీదైనా పార్లమెంటు చట్టం చేయవచ్చు. ఆర్టికల్ 240 కింద రాష్ట్రపతి చేసే రెగ్యులేషన్‌కి పార్లమెంటు చట్టంతో సమానమైన బలం ఉంటుంది. ఇక్కడి పురపాలక వ్యవస్థ నిలబడింది కూడా అలాంటి 1994 రెగ్యులేషన్ మీదే. నేనీ ద్వీపాల్లోనే పెరిగి, ఈ తేడా 24 ఏళ్ళకి గమనించాను.

అయితే బోర్డు బిగింపు కోసం రాష్ట్రపతి దాకా పోనక్కర్లేదు. భవనాల బైలాల్లో ఒక పేరా చాలు. మన జవాబుల్లో ఎప్పుడూ 'చట్టాన్ని సవరించాలి' అని రాస్తాం. జనాన్ని తిప్పేది ఎక్కువగా బైలా, దాని వెనక ఫారం. పన్నెండో షెడ్యూలు 18 అంశాల్లో బోర్డు అన్న మాటే లేదు, వెతికి చూడండి.

భాష సంగతి. కర్ణాటకలో 2024 సవరణ బోర్డు మీద 60 శాతం కన్నడ ఉండాలంది. దాన్ని ఇక్కడికి తెస్తే ఏ భాషకి 60 ఇస్తారు? 2011 జనాభా లెక్కల్లో అన్నిటికంటే ఎక్కువ మంది మాట్లాడే బెంగాలీకే 30 శాతం లేదు. తెలుగువాళ్ళం 13 శాతం చొప్పున ఉన్నాం. పైగా వాణిజ్య ప్రకటన కూడా 19(1)(ఏ) పరిధిలోకి వస్తుందని టాటా ప్రెస్ కేసులో (1995) చెప్పారు. ఏం రాశారన్నది అడగాలంటే 19(2)లో కారణం చూపాలి. ఎలా బిగించారన్నది అడగడానికి అంత కష్టం లేదు.

కొలతకి సావో పాలో పద్ధతి నాకు నచ్చింది. 2007 నుంచి అక్కడ 10 మీటర్ల లోపు ముఖభాగం ఉన్న కొట్టుకి ఒకటిన్నర చదరపు మీటర్ల బోర్డు చాలన్నారు. మావయ్య కొట్టు వెడల్పు 4 మీటర్లు లేదు. నేనిచ్చింది దానికి మూడు రెట్లు. ఇక్కడైతే ఆ కొలత లోపు బోర్డుకి అనుమతే వద్దు, బిగింపు వివరాలతో యజమాని సంతకం చేసిన కాగితం ఒకటి చాలు అంటాను. ఆ కొలత దాటినవాటిని ఇంజినీరు చూడాలి, ఏటా వానలకి ముందు మళ్ళీ చూడాలి. దీనికి డబ్బు వసూలు చేస్తే ఆ చూసే పనికే ఫీజుగా చేయాలి. షిరూర్ మఠం కేసు (1954) మీరు చదివే ఉంటారు. అప్పుడు దుకాణదారుడు దాన్ని ఎగ్గొట్టాలనుకోడు అనను, కొంచెం తక్కువ ఎగ్గొడతాడు.

దీనికి 250 పదాలు చాలవని నాకూ తెలుసు. ఫ్లోచార్టు తీసేస్తే పడతాయేమో, ఈ వారం ప్రయత్నిస్తాను.

మావయ్య కొత్త బోర్డు పెట్టలేదు. గోడ మీదే పెయింటరు చేత రాయించాడు, మూడు భాషల్లో, చిన్నగా. ఊరి పేరు దగ్గర పెయింటరు ఆగి, పోర్ట్ బ్లెయిర్ అనాలా, శ్రీ విజయపురం అనాలా అని అడిగాడట. 2024 సెప్టెంబరులో పేరు మారింది కదా. "కొట్టు ముందు నిలబడ్డవాడికి ఏ ఊళ్ళో ఉన్నాడో తెలీదేటి?" అని ఆ వరస తీసేయించాడు. ఒక వరస తగ్గింది కాబట్టి కూలీ కూడా తగ్గించాడు. పెయింటరు ఇంకా గొణుగుతున్నాడు.