పప్పులో బెల్లం, గేటుకు తాళం

సూరత్‌లో సీటు వచ్చిందనగానే మన ఇళ్లలో మొదట అడిగేది బ్రాంచి గురించి. ఆ తర్వాత, అక్కడ అన్నం దొరుకుతుందా అని. గదికి గాలి వస్తుందా, రాత్రి గేటు ఎన్నింటికి మూస్తారు, వంటింట్లో గుడ్డు ఉడకబెట్టుకోనిస్తారా అనేవి ఎవరికీ తోచవు. అక్కడికి వెళ్లాక అవే ముందు తోస్తాయి.

అంత దూరం ఎందుకు పోతారంటే, ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకు, మిగతా సగం బయటివాళ్లకు. వరంగల్‌లో కోరుకున్న బ్రాంచి అందని ర్యాంకులు నాగపూర్‌కో సూరత్‌కో చేరుతాయి. 1961లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీగా మొదలై, 2002లో ఎన్ఐటీగా మారిన సర్దార్ వల్లభ్‌భాయ్ సంస్థ సూరత్‌లోని ఇచ్ఛానాథ్‌లో ఉంది. హాస్టళ్లను అక్కడ భవన్‌లంటారు. గజ్జర్ భవన్, టాగూర్ భవన్, రామన్ భవన్, భాభా భవన్. ఏ మహానుభావుడి పేరు పెట్టినా కొత్తగా చేరిన కుర్రాడి మొదటి సందేహం మాత్రం స్నానానికి క్యూ ఎన్నింటికి మొదలవుతుందనే.

తెలుగు పిల్లల్ని మోసుకుపోయేది నవజీవన్ ఎక్స్‌ప్రెస్. నెల్లూరు, ఒంగోలు, విజయవాడ, ఖమ్మం, వరంగల్‌లలో ఎక్కించుకుని, బల్లార్షా, వర్ధా, భుసావల్ మీదుగా పడమటికి పోతుంది. కాలేజీలు తెరిచే రోజుల్లో ఆ బండిలో బెర్తుల కింద చూస్తే చాలు, ఏ ఇంట్లో ఏం భయపడుతున్నారో తెలుస్తుంది. పచ్చడి సీసాలు, కందిపొడి డబ్బాలు, హాస్టల్లో వాడకూడదని రాసి ఉన్నా దుప్పట్లో చుట్టిన రైస్ కుక్కరు. నా తరం వాళ్లకు ఇంకో భయం కూడా ఉంది. 1994 సెప్టెంబరులో ప్లేగు వచ్చిందనగానే లక్షల మంది సూరత్ వదిలి దొరికిన రైలు ఎక్కేశారు. సూరత్ అనగానే ఇప్పటికీ ఆ వార్తే గుర్తుకొచ్చేవాళ్లున్నారు. ఆ మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనర్‌గా వచ్చి, రెండేళ్లలో ఊరిని దేశం మెచ్చేంత శుభ్రంగా చేసిన అధికారి ఎస్.ఆర్. రావు, అంటే సూర్యదేవర రామచంద్రరావు. మా అక్కకి ఈ సంగతి చెప్పాకే కూతుర్ని పంపడానికి ఒప్పుకుంది. పేరు వింటే మనవాడిలా ఉన్నాడంది.

ఇక తిండి. గుజరాతీ భోజనంలో ముందు రొట్లీ, కూర. మనవాడు అవి తింటూనే అన్నం కోసం చూస్తుంటాడు. అన్నం వస్తుంది, చివర్న, కొంచెంగా. దానిమీద పోసే దాల్‌లో పులుపు ఉంటుంది, కారం ఉంటుంది, అంతా అయ్యాక నాలుక చివర బెల్లం తగులుతుంది. మొదటి నెల ఫోన్లన్నీ ఆ బెల్లం గురించే. రెండో నెలలో కందిపొడి అయిపోతుంది. మూడో నెలకల్లా పొద్దున్నే బండి దగ్గర నూనె, సేవ్, ఉల్లిపాయ ముక్కలు చల్లిన లోచో తినడం అలవాటవుతుంది. జనవరిలో పచ్చి జొన్న గింజలు కాల్చి అమ్మే పోంక్ తిన్నవాడు మన ఊరి ఊచబియ్యాన్ని తలుచుకోకుండా ఉండలేడు. మూడో ఏడాది సెలవులకు ఇంటికొచ్చి పప్పుచారు మరీ పుల్లగా ఉందని అన్నవాడిని నేనెరుగుదును. వాళ్లమ్మ ముఖం చూడాల్సింది.

సంక్రాంతికి ఇంటికి రావడం కుదరదు. పద్నాలుగో తారీఖున అక్కడ ఉత్తరాయణ్. ఊరంతా మేడల మీదే ఉంటుంది. సూరత్ మాంజాకు గుజరాత్ అంతటా పేరు. గాలిపటం తెగినప్పుడల్లా మేడ మీంచి మేడకు అరుపులు. ఆ ఒక్క రోజూ హాస్టల్ కుర్రాళ్లకు ఇల్లు గుర్తు రాదని వాళ్లే చెబుతారు. నేను నమ్మను కానీ, కాదనను.

హాస్టల్లో చోటు చాలనివాళ్లు, మెస్ భోజనం పడనివాళ్లు, రెండో ఏడాదికి పీజీల వైపు చూస్తారు. పిప్లోద్, వేసు, సిటీలైట్. నా మేనకోడలిదీ ఇదే దారి. తన కాలేజీ ఏదన్నది ఇక్కడ అనవసరం. తనకి గది చూడటానికి తోడుగా వెళ్లాను. ఇంటివాళ్లు అడిగిన మొదటి ప్రశ్న పేరు కూడా కాదు.

“నాన్‌వెజ్?”

“బయట కూడా తినం ఆంటీ” అంది మా పిల్ల, కళ్లార్పకుండా.

మెట్లు దిగాక, “అదేంటే, మొన్న బిర్యానీ తిన్నావుగా?” అన్నాను.

“మామయ్యా, అది ఖమ్మంలో” అంది.

తమాషా ఏమిటంటే ఈ దేశంలో గుడ్డుతో సూరత్‌వాళ్లు చేసినన్ని వంటకాలు ఇంకెవరూ చెయ్యరేమో. వీధి బండ్ల మీద పెద్ద పెనం పెట్టి, ఉడికిన గుడ్లు తురిమి, వెన్న, పచ్చిమిర్చి, వెల్లుల్లి వేసి, పైన ఇంకో గుడ్డు కొట్టి చేసే ఘోటాలా అనే వంటకానికి రాత్రి పది దాటాక కార్లలో వచ్చి నిలబడతారు. వాళ్లలో గదుల ఓనర్లు లేరని ఎవరూ ప్రమాణం చెయ్యలేరు. వీధిలో గుడ్డు రుచి, వంటింట్లో గుడ్డు మైల. మనకూ ఇలాంటివి తక్కువేం లేవు కాబట్టి నేను నవ్వి ఊరుకున్నాను. హైదరాబాదులో టు-లెట్ బోర్డు కింద ‘శాకాహారులకు మాత్రమే’ అని చదవనివాళ్లెవరు?

గది ఇచ్చేవాళ్లకు గది సంగతి కంటే గదిలో ఉండబోయే మనిషి సంగతే ముఖ్యం. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో పల్లెల నుంచి సూరత్‌కు చదువుకోను వచ్చే కుర్రాళ్లకు కున్వర్జీ మెహతా పాటీదార్ ఆశ్రమం పెట్టారు. దయాళ్‌జీ దేశాయ్ అనావిల్ ఆశ్రమం పెట్టారు. ఏ కులం పిల్లలకు ఆ కులం వసతి. మనవైపు 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టల్ అలాగే పుట్టింది. పట్నంలో గది దొరకని పల్లెటూరి పిల్లవాడికి కులమే దిక్కయింది. అయితే ఆ గదుల్లో కూర్చున్న కుర్రాళ్లు కులం గడప దాటి నడిచారు. సూరత్ ఆశ్రమాలు రెండూ జాతీయోద్యమానికి స్థావరాలయ్యాయి. అక్కడ తయారైనవాళ్లే 1928 బార్డోలీ సత్యాగ్రహంలో ఊరూరా తిరిగారు. రెడ్డి హాస్టల్లో ఏం జరిగిందో చెప్పాలంటే గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి పేరు ఒక్కటి చాలు. నలుగురు కుర్రాళ్లను ఒక వరండాలో పడుకోబెడితే వాళ్లేం మాట్లాడుకోవాలో ఏ వార్డెనూ శాసించలేడు.

అమ్మాయిల వరండాలు వేరు. వాళ్లకు మాటల కంటే ముందు గడియారం. మా పిల్ల పీజీలో రాత్రి తొమ్మిదిన్నరకు తాళం. అదే వీధిలో అబ్బాయిల పీజీకి అసలు తాళమే కనిపించలేదు. 2015లో ఢిల్లీలో జామియా హాస్టల్ అమ్మాయిలు రాత్రిపూట బయటికి వెళ్లే అనుమతి రద్దు చేస్తే మొదలైన గొడవ పింజ్రా తోడ్ ఉద్యమమైంది. 2022లో కోళికోడ్ మెడికల్ కాలేజీ విద్యార్థినుల కేసులో, ఈ కట్టడి ఆడపిల్లలకే ఎందుకని కేరళ హైకోర్టు అడిగింది. ఆ ప్రశ్నకు సమాధానంగా అందరూ భద్రత అంటారు. సూరత్‌లో ఆ మాట నిలబడదు. ఏడాదిలో తొమ్మిది రాత్రులు ఆ ఊరి ఆడపిల్లలు, వాళ్ల అమ్మలు, అమ్మమ్మలు అర్ధరాత్రి దాకా గర్బా ఆడి, చెప్పులు చేత్తో పట్టుకుని ఇళ్లకు నడుస్తారు. అప్పుడు లేని ప్రమాదం పదో రాత్రి ఎక్కణ్ణుంచి వస్తుంది? నవరాత్రికి ఓనరు ఆంటీయే తాళం తీసి తోడు బయల్దేరుతుందట. పిల్లల కంటే ఆమెకే హుషారట.

ఇంచుమించు ఆ రోజుల్లోనే బతుకమ్మ. నడుమ దీపం కుండ పెట్టి చుట్టూ తిరిగితే గర్బా, పూల బతుకమ్మను పెట్టి తిరిగితే మనది. మా పిల్లకి తంగేడు పువ్వు దొరక్క ఎవరినో అడిగితే లింబాయత్ వెళ్లమన్నారట. అక్కడ అడుగుపెట్టాక తెలిసింది, సూరత్‌లో ఒక తెలుగు ఊరు ఉందని. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి మరమగ్గాల పనికి తరాల కింద వలసొచ్చిన పద్మశాలీలు వాళ్లు. నగరపాలక సంస్థ వాళ్ల పిల్లల కోసం తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోంది. క్యాంపస్‌లో ఏడాదంతా ఆవకాయ కోసం అలమటించిన పిల్లలకు ఆ పేట పేరే తెలియదు. బస్సు దూరం మాత్రమే, అయినా తెలియదు. చదువుకునే తెలుగు, నేసే తెలుగు ఒకే ఊళ్లో ఎదురుపడకుండా బతుకుతున్నాయి. ఇది మాత్రం నాకు మింగుడుపడలేదు.

మగ్గాల మధ్య ఇంకో రకం వసతి ఉంది. ఒడిశాలోని గంజాం నుంచి వచ్చిన కార్మికులు ఉండే చోటును కూడా సూరత్‌లో మెస్ అనే పిలుస్తారు. పన్నెండు గంటల పాళీలు రెండు. పగటి పాళీ మనిషి పనిలో ఉన్నప్పుడు రాత్రి పాళీ మనిషి అదే చాప మీద నిద్రపోతాడు. ఒక చోటికి రెండు అద్దెలు. ముగ్గురం ఒకే గదిలో ఉన్నామని వార్డెన్‌కు అర్జీ పెట్టే హక్కు విద్యార్థికి ఉంది, ఉండాలి కూడా. ఆ పక్క పేటలో అర్జీ పెట్టుకోవడానికి వార్డెన్ లేడు.

ఖర్చు గురించి ఒక్క ముక్క. హాస్టల్ గది ఇల్లు కాదు కాబట్టి 12 శాతం జీఎస్టీ కట్టాలని 2023లో కర్ణాటకలో ఒక తీర్పు వచ్చింది. పీజీలవాళ్లు దాన్ని చూపించి అద్దె పెంచుతారేమోనన్న భయం పుట్టింది. 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్, కనీసం 90 రోజులు వరసగా ఉంటే, మనిషికి నెలకు 20,000 రూపాయల దాకా పన్ను లేదని తేల్చింది. పన్ను పేరు చెప్పి ఎవరైనా ఎక్కువ అడిగితే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఇల్లు చూసేటప్పుడు ఇంకో మాట. అడాజణ్, రాందేర్ వైపు కింది అంతస్తు చవగ్గా వస్తోందంటే, 2006 ఆగస్టులో ఉకాయి డ్యామ్ గేట్లు ఎత్తినప్పుడు తాపీ నది నీళ్లు ఎంతవరకు వచ్చాయో అడగండి. పాత కాపురస్థులు గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. వరద రాకపోయినా వానాకాలం నాలుగు నెలలూ బట్టలు ఆరవు, బూట్లకు బూజు పడుతుంది. దానికి మాత్రం ఏ కౌన్సిలూ మినహాయింపు ఇవ్వలేదు.

మా పిల్ల ఈ మే నెలలో ఆ పీజీ ఖాళీ చేస్తోంది. వచ్చే ఏడాది మరో ముగ్గురితో కలిసి ఫ్లాట్ తీసుకుంటారట. కిరాయిదారుల వివరాలు పోలీస్ స్టేషన్‌లో ఇచ్చే కాగితం, సొసైటీ కార్యదర్శి పెట్టిన షరతులు, అన్నీ ఫోన్‌లో నాకు చదివి వినిపించింది. వంటింటి షరతు మళ్లీ మొదటి వరసలోనే ఉంది. “ఈ ఆంటీ మంచిదేగా, ఉగాదికి నీకు పూరన్‌పోళీ కూడా చేసిపెట్టిందన్నావు, ఎందుకు వదలడం?” అన్నాను.

“మంచిదో కాదో డిపాజిట్ తిరిగొచ్చాక చెబుతా మామయ్యా” అంది.