నీళ్లు పోయాయి, జహర్ పోలేదు

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగిన రోజు. మాది కింద పోర్షన్. చీలమండ దాకా ఉన్న నీళ్లు చూస్తుండగానే నడుముల దాకా వచ్చాయి. ఖురాన్ షరీఫ్, కాయితాల సంచీ, అమ్మీ షుగర్ మాత్రలు పట్టుకుని మేడెక్కాం. తర్వాత పడవలో బయటపడి ఖాలా ఇంటికి చేరాం.

నీళ్లు తీశాక తిరిగొచ్చాం. తలుపు తీయగానే మోరీ వాసన. గోడ మీద నా భుజమెత్తు బురద గీత. అమ్మీ "యా అల్లాహ్" అంటూ గడప మీదే కూలబడింది. మా ఛోటూ తిన్నగా వెళ్లి ఫ్రిజ్ ప్లగ్ పెట్టబోయాడు.

"ఒరేయ్, ఆగు!" అని అరిచాను.

"కరెంటు లేదు కదా, ఆపా."

"వచ్చేటప్పుడు నీకు చెప్పి వస్తుందా?"

నీళ్లలో మునిగిన బోర్డులు, మోటారు పైకి ఆరినట్టే ఉంటాయి. తడి లోపల దాక్కుని ఉంటుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా ఒక్క స్విచ్చి వేయలేదు. తడి నేల మీద నిలబడి మెయిన్ కూడా ముట్టుకోలేదు.

అసలు ఝగడా బియ్యం దగ్గర వచ్చింది. అమ్మీ ఒట్టి కాళ్లతోనే బావర్చీఖానాలోకి పోయి డబ్బా మూత తీసింది. "పైన బాగానే ఉన్నాయి బేటీ. కడిగి ఎండబెడదాం. రిజ్ఖ్ పారేస్తే గునా."

"అమ్మీ, అది వాన నీళ్లు కాదు. ఊరి మోరీలన్నీ అందులోనే కలిశాయి. కడిగితే పోదు."

ఆమె వినలేదు. అంతలో బురదలోని గాజు పెంకు కాల్లో దిగింది. షుగర్ ఉన్న మనిషి! సబ్బుతో కడిగి మెడికల్ క్యాంపుకి తీసుకెళ్లాం. డాక్టరమ్మ ధనుర్వాతం ఇంజెక్షన్ వేసింది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు పుండ్లలోంచి, పగుళ్లలోంచి ఒంట్లోకి వెళ్తే ఎలుక జ్వరం వస్తుందట. వారం పది రోజుల తర్వాతైనా జ్వరం, పిక్కల నొప్పి, కళ్లెర్రబడటం ఉంటే వెంటనే రమ్మంది.

ఇంటికొచ్చాక అమ్మీ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "జాన్ కూడా అల్లాహ్ ఇచ్చిన అమానతే కదా" అంది. గరీబులెవరూ ఏరుకుని తినకుండా బియ్యంలో బురద కలిపి మరీ పారేయించింది.

మర్నాడు బూట్లు, గ్లవ్స్ వేసుకుని పనిలో దిగాం. ముందు నష్టం రాసుకునేవాళ్లకు చూపించడానికి ఫోటోలు తీశాం. పాములుంటాయని మూలల్లో కర్రతో తట్టాం. బురద ఎత్తిపోసి, సబ్బునీళ్లతో కడిగి, ఆ తర్వాతే కిటికీలు తెరిచి బ్లీచింగ్ నీళ్లు చల్లాం. బురద మీద బ్లీచింగ్ వేస్తే సరిగా పనిచేయదు. ఛోటూ అందులో బాత్రూం యాసిడ్ కలపబోతే చాచా ఆపారు. ఆ రెండూ కలిస్తే జహర్ గ్యాస్ వస్తుంది, ఊపిరాడదు. పరుపులు, రజాయిలు ఏడుస్తూనే పారేశాం. తాగే నీళ్లు బాగా మరిగించుకున్నాం.

ఇప్పుడు మా స్విచ్చిబోర్డులు ఆ గీతకి పైనే ఉన్నాయి. కొత్త బియ్యం డబ్బా అటకెక్కింది. మబ్బు పడితే అమ్మీ దువా చదువుతుంది. వెంటనే నావైపు తిరిగి అడుగుతుంది: "మెయిన్ ఆపావా బేటీ?"