సెలవు ప్రయాణము - నా లెక్కల పుస్తకము

ఉపాధ్యాయునకు జీతము పరిమితము, బంధువులు అపరిమితము. కావున వేసవి సెలవులలో మేము ఎన్నడును దూరదేశము పోయి యెరుగము. 2025 జనవరి 6వ తేదీన చర్లపల్లి రైల్వే టెర్మినల్ ప్రారంభమయ్యెను. దానికి రమారమి 413 కోట్ల రూపాయలు వ్యయమైనదట. పిమ్మట జన్మభూమి ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాదును విడిచి చర్లపల్లి మీదుగా పోవనారంభింపగా, నాచారవాసులమగు మా వీధి చివరకే విశాఖపట్టణము వచ్చినట్లు సంతోషించితిని.

మా అమ్మకు డెబ్బది యేండ్లు దాటినవి. ఆమె సముద్రమును చూడలేదు.

నేను లెక్కల పుస్తకము తెరచితిని. రిజర్వేషను గడువు 2024 నవంబరు 1 నుండి 120 దినములకు మారుగా 60 దినములే గనుక, ఆ దినమును క్యాలెండరులో గుర్తుపెట్టి టిక్కెట్లు కొంటిని. 58 ఏండ్లు నిండిన స్త్రీలకు 2020 మార్చి వరకు సగము ఛార్జీ తగ్గింపు ఉండెడిది. అది పోయినందుకు కొంతసేపు గొణిగితిని. ఆ లోటు పూడ్చుకొనుటకై, పరుండుటకు బెర్తు లేని పగటి బండిలో సెకండ్ సిట్టింగ్ చాలునని నిశ్చయించితిని. మనిషికి ఇంచుమించు రెండు వందలు మిగిలెను.

ఇంటినుండి స్టేషనుకు సిటీ బస్సులో పోయితిమి. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో స్త్రీలకు బస్సు ప్రయాణము ఉచితము గనుక, అమ్మకును నా భార్యకును సున్న టిక్కెట్లు, నాకొక్కనికే ఛార్జీ. సద్ది మూట యింటిదే. పదునైదు రూపాయల రైల్ నీరు కొననేల యని కుళాయి వద్ద సీసాలు నింపితిని. (ఆ నీరు 2025 సెప్టెంబరు 22 నుండి 14 రూపాయలైనది.) నల్లగొండ దాటునప్పటికి మిగిలిన సొమ్మును కూడి, బిగ్గరగా చదివి వినిపించితిని. బాలబాలికలారా, ఆ చదువుటయే నేను చేసిన తప్పు.

గుంటూరులో టీ వచ్చెను. అమ్మ వలదనెను. రాజమహేంద్రవరములో మరల వచ్చెను. "దాహము లేదు బిడ్డా" యనెను. గోదావరి వంతెనపై మాత్రము లేచి కిటికీ చువ్వలు పట్టుకొని నిలువబడెను.

రాత్రి విశాఖలో దిగునప్పటికి ఆమె పాదములు చెప్పులలో పట్టలేదు. పగలంతయు కాళ్లు వ్రేలాడవేసి కూర్చుండుటవలన అవి పొంగినవి. బస వద్ద నా భార్య నన్ను వరండాలోనికి పిలిచి, "అత్తమ్మ టీ మాత్రమే కాదు, నీళ్లు కూడ సరిగా త్రాగలేదు. మాటిమాటికి లేవవలసి వచ్చునని జంకినది. టీకి డబ్బులు పెట్టించినచో మీ లెక్క చెడునని నాతో చెప్పినది" అనెను. నాకు సమాధానము దొరకలేదు.

మరునాడు రామకృష్ణా బీచికి ఆటోలో పోయితిమి. సముద్రమునకు టిక్కెట్టు లేదని ఇంటివద్ద నేనెంత గొప్పగా చెప్పితినో! అమ్మ ఇసుకలో నడువలేకపోయెను. ఆటోలోనే కూర్చుండి చాలసేపు చూచెను. నేను నింపి తెచ్చిన సీసాలలో ఒకదానిని నా భార్య ఖాళీ చేసి, అలల వద్దకు పోయి ఉప్పునీరు పట్టి తెచ్చి అమ్మ పాదములపై పోసెను. అమ్మ చిన్నపిల్లవలె నవ్వెను. కురుసుర జలాంతర్గామిని బయటినుండియే చూచితిమి. దాని మెట్లు ఆమెకు సాధ్యము కాలేదు.

ఆ సాయంకాలమే తిరుగు టిక్కెట్లు రద్దు చేసితిని. మనిషికి 60 రూపాయలు కోతపడెను. మరునాడు పదకొండు గంటలకు తత్కాలులో, మా చర్లపల్లిలో ఆగు రాత్రి బండికి స్లీపరు టిక్కెట్లు దొరకినవి. అదనపు రుసుముతో కలిపి చూడగా, మిగిల్చినదంతయు పోయి ఇంకను చేతినుండి పడెను. మూడును పై బెర్తులే. బండి కదలునప్పుడు ఒక యువకుడు అమ్మ పాదములను చూచి, అడుగకయే తన క్రింది బెర్తు విడిచి పైకెక్కెను. నేను ఆ రాత్రి పుస్తకము తెరువలేదు.

తెల్లవారి చర్లపల్లిలో దిగగానే అమ్మ తానే టీ కావలెనని అడిగెను. రెండు కప్పులు త్రాగెను.