ఎవరిల్లూ కాని ఇల్లు

పదిమంది కలిసి సరదాగా నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్దామనుకుంటే అసలు చిక్కు టిక్కెట్ల దగ్గర కాదండీ, దిగడం దగ్గర. బంధువులింట్లో దిగితే ఆ ఇల్లాలికి పొయ్యి దగ్గరే తెల్లారుతుంది, అక్కడే పొద్దుగూకుతుంది. హోటల్లో దిగితే ఎవరి గదిలో వాళ్ళు దూరి తలుపులేసుకుంటాం. ఆ మాత్రానికి కలిసి వెళ్ళడమెందుకు?

మొన్నమొన్నటిదాకా మాకీ బెంగ లేదు. వేసవి వస్తే అక్కచెల్లెళ్ళం నలుగురం పిల్లల్నేసుకుని తెనాలిలో మా వదిన మీద పడేవాళ్ళం. అన్నయ్య పోయాక వదిన కొడుకు దగ్గరకి హైదరాబాదు వెళ్ళిపోయింది, ఇల్లు అమ్మేశారు. ఆ తరవాత అందరం కలుసుకున్నది పెళ్ళిపందిళ్ళలోనే. అందుకని ఈ ఏడాది తలా ఇంత వేసుకుని, తరంగంబాడిలో సముద్రపుటొడ్డున ఓ పాత బంగళా మూడు రోజులకి మొత్తంగా అద్దెకి తీసుకున్నాం. వదిన్ని వాటా వెయ్యనివ్వలేదు.

తరంగంబాడి అంటే మద్రాసుకి దక్షిణాన, దాదాపు 280 కిలోమీటర్లు. 1620లో డెన్మార్కు వాళ్ళు వ్యాపారానికొస్తే, ఏటా ఇంతని కట్టే ఒప్పందం మీద అక్కడ చోటిచ్చినవాడు తంజావూరు రఘునాథ నాయకుడు. తెలుగులో కావ్యాలు రాసిన రాజు. వాళ్ళు కోట కట్టుకున్నారు, వీధులు వేసుకున్నారు. చివరికి 1845లో ఆ ఊరినీ, బెంగాల్లోని శ్రీరాంపూరునీ కలిపి పన్నెండున్నర లక్షలకి ఇంగ్లీషువాళ్ళకి అమ్మేసి వెళ్ళిపోయారు.

"అంటే అద్దెకున్నవాళ్ళే ఇల్లమ్మేశారన్నమాట!" అంది మా చిన్నచెల్లెలు. దానికి విజయవాడలో రెండు వాటాల ఇల్లుంది, ఆ భయం దానిది.

బంగళా మాత్రం చూడాల్సిందే. మూరెడు మందం గోడలు, చెక్కరెక్కల కిటికీలు, ఎత్తైన కప్పు. గోడలకి గానుగ సున్నమే గానీ సిమెంటు పూయరట. సున్నమైతే తేమని లోపలికి పీల్చినా మళ్ళీ బయటికి వదిలేస్తుందనీ, సిమెంటు దాన్ని లోపలే బిగబట్టి గోడని తినేస్తుందనీ కాపలా ఆయన చెప్పాడు. ఇనప గొళ్ళేలు ఉప్పుగాలికి పొరలు పొరలుగా రాలుతున్నాయి. ఊళ్ళో 1306 నాటి శివాలయంలో కొంత భాగాన్ని సముద్రమే మింగేసింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఈ ఊరినీ ముంచెత్తింది. అది విన్నాక పిల్లల్ని మోకాలి లోతు దాటి పోనివ్వలేదు.

ఇక గదుల పంపకం. అందరిదీ ఒకే వాటా, సముద్రం కనబడే గదులు మాత్రం రెండే! ఒకటి వదినకిచ్చేసి, రెండోదానికి చీట్లేశాం. అక్కకి పడింది. మిగతా ఇద్దరూ ఆ పూట దానితో మాట్లాడలేదు.

"నాకెందుకర్రా అంత గది? వంటింటి పక్కన ఏదైనా చాలు," అంది వదిన.

మొదటిరోజు అయిదింటికే లేచి వంటింట్లోకి వెళ్ళింది. అక్కడి వంటమనిషికి తెలుగు రాదు, వదినకి తమిళం రాదు. ఇద్దరూ పాలగిన్నె చెరోవైపు పట్టుకుని నవ్వుకుంటున్నారు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకొచ్చి పేముకుర్చీలో కూర్చోబెట్టాను. కాఫీ చేతికొచ్చింది. తాగదే!

"చల్లారిపోతోంది వదినా, తాగండి."

"అందరూ లేవనీవే," అంది. నలభై ఏళ్ళుగా ఆవిడ మొదటి విడత కాఫీ తాగగా నేను చూడలేదు. సముద్రం ఎదురుగా ఉన్నా, చూపంతా వంటింటి గుమ్మం మీదే.

రెండోరోజు వంటింటిదాకా వెళ్ళలేదు, గుమ్మంలోంచి తొంగిచూసి వచ్చేసింది. సాయంత్రం చెప్పులు చేత్తో పట్టుకుని మనవరాలితో కోటదాకా ఇసకలో నడిచొచ్చింది.

మూడోరోజు ఏడున్నరైనా లేవలేదు. మా నలుగురికీ గుండెలు జారిపోయి, కాఫీ గ్లాసుతో సహా తలుపు తోసుకు వెళ్ళాం.

వదిన దుప్పటి మొహం మీదకి లాక్కుని, "అక్కడ పెట్టి వెళ్ళండర్రా," అంది.