మఱ్ఱిచెట్లను గూర్చి నేను వ్రాసిన ఈమెయిలు

మొయినాబాదు దాటి చేవెళ్లకు పోవు బాటకు ఇరుప్రక్కల నుండు మఱ్ఱిచెట్లను చదువరు లెఱుగుదురు. అప్పా కూడలి మొదలు మన్నెగూడ వఱకు 46 కిలోమీటర్ల రహదారిని వెడల్పు చేయుటచే సుమారు 900 చెట్లకు ముప్పు కలదని వింటిని. 2022వ సంవత్సరమున ఆ సంగతి తెలుపుచు ఒక విలేఖరికి ఈమెయిలు పంపితిని. సబ్జెక్టు గడిలో ‘సవినయ విన్నపము’ అని వ్రాసితిని. సెలవు చీటీలకు అలవాటుపడిన చేయి గదా! పదిదినములైనను జవాబు రాలేదు. విలేఖరులకు దినమునకు ఎన్నియో జాబులు వచ్చును; ఫోను తెరపై ఆ పంక్తిలోని మొదటి కొన్ని మాటలే కనబడును. ఏ యూరు, ఏమి సంగతి, ఈ రెండును అందే యుండవలెను.

రెండవమారు ‘చేవెళ్ల మఱ్ఱులను నఱికివేసిరి’ అని వ్రాసి, పంపబోవుచు ఆగితిని. చెట్లు నిలిచియే యుండెను. ఆ మాటకు ఆయన తప్పక వచ్చును. వచ్చి పచ్చని కొమ్మలను చూచినచో ఇంకెన్నడును నా జాబు విప్పడు. దానిని చెఱిపి, ‘చేవెళ్ల బాట: 900 మఱ్ఱులకు విస్తరణ ముప్పు’ అని మార్చితిని.

సాయంకాలమునకే ప్రశ్న వచ్చెను: ‘మీరు లెక్కించితిరా?’

లేదని ఒప్పుకొంటిని. మఱునాడు మొయినాబాదులో బస్సు దిగి, నోటుపుస్తకము చేతబట్టి నడువ నారంభించితిని.