అంచు చదవడం

పతకం చేతికిస్తే ఎవరైనా ముందు బొమ్మ చూస్తారు. రాజు తల, గుర్రం మీది మనిషి, లాటిన్ అక్షరాలు. యుద్ధ పతకాలు సేకరించే పని నాకు నేర్పిన మొదటి సంగతి, దాన్ని నిలువుగా పట్టుకుని అంచు చదవడం. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ అంచున సిపాయి నంబరు, హోదా, పేరు, పటాలం అచ్చుగుద్ది ఉంటాయి. బొమ్మ లక్షల పతకాలకు ఒకటే. మనిషి దొరికేది అంచు మీదనే.

ఆ పతకం వెండిది, సుమారు మూడు తులాలు. ఆ వెండే దాని ప్రాణం తీసింది. 1980 జనవరిలో వెండి ధర ఎన్నడూ లేనంతగా ఎగబాకినప్పుడు ఎన్ని దేశాల్లోనో ఇవి మూసల్లోకి పోయాయి. జగిత్యాలలో, కోరుట్లలో అవుసలాయన ముందు పెడితే ఇప్పటికీ ముందు తూకం వేస్తాడు. ఆయన తప్పేముంది, అది ఆయన వృత్తి. అదే పతకం కంచులో కూడా వచ్చింది. సైన్యం వెంట మూటలు మోసి, దారులు వేసిన కూలి దళాలకు కంచుది ఇచ్చారు. యుద్ధం ఒకటే, అచ్చు ఒకటే, లోహం దగ్గర మాత్రం మనిషి స్థాయి చూశారు. వెండివి అరవై లక్షలకు పైగా, కంచువి లక్షా పదివేల దాకా. అందుకే నేడు సేకర్తలు కంచుదాని కోసమే ఎక్కువ వెతుకుతారు. కూలివాడికి ఇంత ఆలస్యంగా వచ్చిన గౌరవం చూస్తే నాకు నవ్వొస్తుంది, కోపమూ వస్తుంది.

సిరిసిల్లలో ఒక నేత పెద్దాయనకు రెండో ప్రపంచ యుద్ధపు పతకం ఆఫ్రికా స్టార్ చూపించాను. నక్షత్రం వైపు చూడనేలేదు. రిబ్బన్ వేళ్ల మధ్య నలిపి, "గీతలన్నీ పడుగులనే ఉన్నయి బిడ్డా, పేకల ఏం లేదు" అన్నాడు. ఇసుక రంగు, నడుమ ఎరుపు, చెరో పక్క నీలాలు. ఎడారికి, మూడు సైన్యాలకు గుర్తులని నేను చెప్పాను. రంగు పోలేదే అని మెచ్చుకున్నాడు. పతకాల పుస్తకాల్లో నాకు ఆ చూపు కనిపించలేదు.

ఇక జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఈ మూడు ఊళ్ల సంగతి. ఇవన్నీ ఒకప్పటి నిజాం రాజ్యంలోవి. గోదావరి జిల్లాల వైపు మిలటరీ మాధవరం ఉంది, తరతరాలుగా పటాలానికి పోయిన ఊరు. మా వైపు అలాంటి ఊరు నాకు తగల్లేదు. నిజాం పటాలాలు మాత్రం యుద్ధాల్లో ఉన్నాయి. హైదరాబాద్ లాన్సర్లు 1918లో పాలస్తీనా దాకా పోయారు. ఢిల్లీ తీన్‌మూర్తిలో ఒక విగ్రహం వాళ్లదే. 1941 డిసెంబరులో జపాన్ సేనలు మలయాలో దిగిన రాత్రి కోట భారు విమానాశ్రయం కాపలాలో మొదటి హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ ఉంది. మలయాలో పోరాడినవాళ్లకు పసిఫిక్ స్టార్ దక్కింది.

తర్వాత వచ్చిన పతకం దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. అది 1947 ఆగస్టు 15 పేరిట ఇచ్చిన భారత స్వాతంత్ర్య పతకం. ఒక వైపు సారనాథ్ సింహాలు, ఇంకో వైపు అశోక చక్రం, దాని చుట్టూ ఆరో జార్జి పేరు, పైన కిరీటం. సంస్థానాల సైన్యాల్లో 1948 జనవరి 1 నాటికి భారత్‌లో చేరిన వాటికే అది వర్తించింది. హైదరాబాద్ చేరలేదు. మలయాలో పోరాడి వచ్చి ఇంకా నిజాం కొలువులోనే ఉన్న సిపాయి ఛాతీ మీద ఆ పతకం ఉండదు. ఆ 1948 మార్చిలోనే తెలంగాణ సాయుధ పోరాట నాయకుడు అనభేరి ప్రభాకరరావు మహమ్మదాపురంలో నేలకొరిగాడు. ఆయన పోరాడింది ఆ నిజాం పాలన మీదనే. ఆ చావుకూ ఏ పతకమూ లేదు. స్వాతంత్ర్య సమరయోధులకు తామ్రపత్రాలు వచ్చింది 1972లో. నా పెట్టెలో ఖాళీ గదులు ఎందుకున్నాయని అడిగేవాళ్లకు నేను ఇదంతా చెప్పాల్సి వస్తుంది.

వందేళ్లు దాటిన పతకం ఇప్పుడు చట్టం లెక్కలో పురావస్తువు, దేశం దాటించకూడదు. కరిగించడానికి మాత్రం ఎవరూ అడ్డు రారు. అందుకే అమ్మకానికి తెచ్చినవాళ్లను ధర కంటే ముందు డిశ్చార్జి పుస్తకం, పింఛను కాగితం ఉన్నాయా అని అడుగుతాను. ఉంటే అంచు మీది అక్షరాలు రాసుకుని, పతకం వాళ్ల ఇంట్లోనే ఉంచమంటాను. కొందరు ఉంచుతారు. కొందరికి ఆ నెల డబ్బు అవసరం, అప్పుడు నేనే కొంటాను.