రెండో శనివారం ఎస్.పి. రోడ్డులో

ఊళ్లోంచి చుట్టాలొస్తే లాల్‌బాగ్, విధానసౌధ, బసవనగుడి నంది చూపిస్తాం. సదర్ పత్రప్ప రోడ్డు, అంటే అందరూ పిలిచే ఎస్.పి. రోడ్డు, చూపించమని ఇంతవరకు నన్నెవరూ అడగలేదు. టౌన్‌హాలు వైపు నుంచి నడిచి వెళ్లవచ్చు. మెట్రోలో అయితే చిక్కపేటలో దిగాలి. ఆటో ఎక్కితే మాత్రం పేరు స్పష్టంగా చెప్పండి. దగ్గరలోనే ఎస్.జె.పి. రోడ్డు ఉంది. పొరపాటున అక్కడ దింపితే మోటారు పంపులూ, మరమేకులూ చూసి రావలసిందే.

ఎస్.పి. రోడ్డులో ముందు వరసంతా కంప్యూటర్లు, కొత్త సరుకు. సందుల్లోకి పోయేకొద్దీ పాతది. కన్నడం, తమిళం, హిందీ, మన తెలుగు అన్నీ ఒక్క బేరంలోనే వినిపిస్తాయి. 1948లో ఐ.టి.ఐ., 1954లో బి.ఇ.ఎల్. వెలసిన ఊరు కదా, రేడియో పని తెలిసినవాళ్లకు ఇక్కడ కొదవ లేదు. వేరే ఊళ్లలో సులభంగా దొరకని కొలత పరికరాలు ఈ సందుల్లో అప్పుడప్పుడు బయటపడుతుంటాయి.

బ్యాంకుకు సెలవైన ఒక రెండో శనివారం నేను వెళ్లింది మా మేనల్లుడి కోసం. మా అక్కయ్యా వాళ్లు బరంపురంలో స్థిరపడి నలభై ఏళ్లయింది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు రెండు రోజులు వాళ్ల గొంతు వినలేకపోయాం. హ్యాం రేడియో లైసెన్సు జేబులో ఉండి కూడా నేను చేయగలిగిందేమీ లేదు, అవతల పలికేవాడు ఉండాలిగా! 2004 డిసెంబరు 26 సునామీ నాడు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న భారతి ప్రసాద్ గారు హ్యాం రేడియోతో అండమాన్ కబుర్లు బయటికి చేరవేసిన సంగతి ఆ తర్వాతే వాడికి చెప్పాను. వాడు పట్టుబట్టి పరీక్ష రాశాడు, లైసెన్సు తెచ్చుకున్నాడు, సెట్టు కొన్నాడు. యాంటెన్నా సరిగా ఉందో లేదో తేల్చే ఎనలైజర్‌కు మాత్రం డబ్బు మిగల్లేదు.

సెట్టు పంపిన శక్తినంతా యాంటెన్నా తీసుకోదు, కొంత వెనక్కి కొడుతుంది. మా బ్యాంకు భాషలో చెక్కు తిరిగిరావడం. దీన్ని ఎస్.డబ్ల్యు.ఆర్. అనే అంకెతో చెబుతారు. అంకె 1 అయితే అంతా జమ అయినట్లు. 2 అయితే వందకు 11 వంతులు, 3 అయితే 25 వంతులు వాపసు. అక్కడిదాకా వస్తే సెట్టుకూ మంచిది కాదు.

అరచేతిలో ఇమిడే నానో వి.ఎన్.ఎ. వచ్చాక ఈ పని చవకలో అవుతోంది, కాదనను. కాని డాబా మీద ఎండలో, ఒక చేత్తో తాడు పట్టుకొని, ఆ బుల్లితెర చదవడం ఎలాగో చేసినవాళ్లకే తెలుసు. మొదటిసారి యాంటెన్నా కట్టేవాడికి ముల్లు ఊగే పాత ఎనలైజరే మేలని నా అభిప్రాయం.

పాతవాటితో చిక్కల్లా లోపలి డయోడ్లతో. సెట్టు శక్తి అటు మళ్లినా, తీగమీద చేరిన స్థిర విద్యుత్తు తగిలినా కాలిపోతాయి. అయినా దీపం వెలుగుతుంది, ముల్లు కదులుతుంది. చూపించే అంకె మాత్రం అబద్ధం. అందుకని ఇంటి దగ్గరే రెండు ప్లగ్గులు తయారుచేసుకున్నాను. ఒకదానిలో 100 ఓముల రెసిస్టర్లు రెండు పక్కపక్కన కలిపితే 50 ఓములు. రెండోదానిలో 100 ఓములది ఒక్కటే. మొదటిది తగిలిస్తే ముల్లు 1 దగ్గర, రెండోది తగిలిస్తే 2 దగ్గర నిలవాలి. తీగచుట్టిన రెసిస్టర్లు దీనికి పనికిరావు, మామూలు కార్బన్‌వి చాలు.

మూడో సందులోని కొట్లో రెండు ఎనలైజర్లున్నాయి. "గ్యారంటీ లేదు సార్, చూసుకొని తీసుకోండి" అన్నాడు కొట్టాయన. మొదటిది తోలు సంచితో సహా కొత్తపెళ్లికొడుకులా ఉంది. 50 ఓముల ప్లగ్గు పెడితే 1.7, 100 ఓములది పెట్టినా దాదాపు అంతే. "మీ ప్లగ్గే సరిలేదేమో సార్" అన్నాడు. సరే, రెండోది తీయమన్నాను. రంగు ఊడింది, బ్యాటరీల గది నిండా చిలుము. గీకి తుడిచి, కొట్లోని పవర్ సప్లై తగిలించాం. 7 మెగాహెర్ట్జ్ దగ్గర 1, 2. 14 దగ్గరా అంతే, 21 దగ్గరా అంతే. ఆయన నా ప్లగ్గులు తీసుకొని మొదటిదాన్ని తానే మళ్లీ పరీక్షించి, మాట్లాడకుండా బల్ల కింద పెట్టేశాడు.

అంతవరకు రెండోదానికి నాలుగువేలన్నవాడు ఇప్పుడు ఆరన్నాడు! పరీక్షించింది నేను, ధర పెరిగింది ఆయనకు. అరగంట బేరం, రెండు టీలు. చివరికి అయిదువేల రెండు వందలకు, అలాంటి ప్లగ్గుల జత ఒకటి ఆయనకు చేసిపెట్టాలన్న షరతు మీద తెగింది.

పరికరాన్ని ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తున్న మా బావగారి చేతికిచ్చి పంపాను. తీగను కొంచెం పొడుగ్గానే ఉంచి కట్టు, కోయడం సులువు, అతకడం కష్టం అని వాడికి ముందే చెప్పాను. 20.8 మీటర్ల తీగ కట్టాడు. ముల్లు బాగా దిగింది 6.8 మెగాహెర్ట్జ్ దగ్గర. మాకు కావలసింది 7.1. ఒక్కో కొసనుంచి 15 సెంటీమీటర్ల చొప్పున మూడుసార్లు కోసి, ప్రతిసారీ డాబా దిగి ఫోను చేశాడు. మూడోసారికి 1.2. మర్నాడు ఉదయం ఆరున్నరకు బరంపురం నుంచి వాడి గొంతు ఫోను లేకుండా మా బెంగళూరు ఇంట్లో వినిపించింది. వెనక మా అక్కయ్య, కాఫీ చల్లారిపోతోందని వాణ్ని కేకలేస్తోంది.